పండునే గడ్డ కట్టించండి

మా నాన్నకి ఐసు గురించి తెలిసినంత, నేను 11 ఏళ్ళు పనిచేసిన బార్‌లో ఎవరికీ తెలియదు. ఆయన విశాఖ పెదజాలరిపేటలో చేపల వేట మనిషి. వేటకి వెళ్ళేముందు ఫిషింగ్ హార్బర్‌లో బోటుకి ఐసు ఎక్కించేటప్పుడు సెలవు రోజుల్లో నన్నూ వెంట తీసుకెళ్ళేవాడు. దిమ్మని మిషన్‌లో పడేస్తే అటువైపు నుంచి పొడి పొడిగా రాలేది. "దిమ్మ నిలుస్తాది, పొడి కరిగిపోతాది. కానీ చేపని పట్టుకునేది పొడేరా, సందుసందుల్లోకి దూరుతాది" అనేవాడు.

బీచ్ రోడ్డులో ఒక హోటల్ బార్‌లో పనికి చేరాక ఆ మాట నాకు రోజూ గుర్తొచ్చేది. ఫ్రోజెన్ కాక్‌టెయిల్, అంటే మందు కలిపి మంచుముద్దలా తిప్పే డ్రింకు, దాంట్లో ఉన్న చిక్కంతా అదే. నోట్లో మంచులా కరగాలంటే ఐసు పొడి కావాలి. ఐసు పొడి అయిందంటే నీళ్ళవడం మొదలైనట్టే. విశాఖలో మే నెల ఉక్కపోతలో, డాబా మీద కూర్చుంటే, పది నిమిషాల్లో గ్లాసులో పైన రంగు నీళ్ళు, కింద చప్పటి గుజ్జు. అప్పుడు పంచదార ఎంత వేసినా రుచి తిరిగి రాదు.

దీనికి నేను పట్టుకున్న దారి ఒక్కటే. ఐసు వెయ్యకండి, పండునే గడ్డ కట్టించండి. అది కరిగినా కరిగేది పండే కాబట్టి చివరి గుక్క దాకా రుచి పల్చబడదు. కింద చెప్పేదంతా ఈ ఒక్క పని సరిగ్గా చెయ్యడం గురించే. మందు కలపడం ఇందులో ఆఖరి పని. మా ఇంట్లో సగం మంది అది లేకుండానే తాగుతారు.

ఈ డ్రింకుల ముందు కథ కొంచెం తెలిస్తే మన పని అర్థమవుతుంది. డైకిరీ అన్నది క్యూబాలో శాంటియాగో దగ్గర ఒక ఊరి పేరు. రమ్, నిమ్మరసం, పంచదార, అంతే ఆ పేరుతో వచ్చిన డ్రింకు. 1930లలో హవానాలోని ఎల్ ఫ్లోరిడిటా బార్‌లో కాన్‌స్టాంటీనో రిబాలైగా దాన్ని ఐసు పొడితో కలిపి కరెంటు బ్లెండర్‌లో తిప్పి పేరు తెచ్చాడు. తర్వాత 1971లో అమెరికాలోని డల్లస్‌లో మారియానో మార్టినెజ్ తన రెస్టారెంట్ కోసం సాఫ్ట్ ఐస్‌క్రీమ్ మిషన్‌ని మార్చి, టెకీలాతో చేసే మార్గరీటా అనే డ్రింకుకి మిషన్ చేసుకున్నాడు. ఆ మిషన్ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఐస్‌క్రీమ్ మిషన్ చేసే పని ఏమిటంటే, ద్రవం గడ్డకడుతున్నంతసేపూ దాన్ని గీకుతూ తిప్పుతూనే ఉంటుంది. అందుకని మంచు పలుకులు పెద్దవి కావు, నాలుకకి తగలవు. మన ఇంట్లో అలాంటిది లేదు. మిక్సీ ఉంది, ఫ్రీజర్ ఉంది. కాబట్టి తిరగేసి చేస్తాం: ముందు గడ్డ కట్టించి, తర్వాత పొడి చేస్తాం.

పండు ఐసుకన్నా మెత్తగా గడ్డకడుతుంది, మనకి కలిసొచ్చేది అదే. నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర రాయి అయిపోతాయి. పండులో చక్కెర ఉంటుంది కాబట్టి మైనస్ 18 డిగ్రీల ఇంటి ఫ్రీజర్‌లో కూడా కొంత రసం పాకంలా మిగిలిపోయి, మంచు పలుకుల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. అందుకే ఐసు ముక్కతో గొడవపడే మిక్సీ మామిడి ముక్కని మాత్రం తేలిగ్గా నలిపేస్తుంది.

ఇక పండ్లు. నేను ఎంవీపీ కాలనీ రైతుబజార్‌కి పొద్దున్నే వెళ్తాను, ఎక్కువ కావాలంటే పూర్ణా మార్కెట్. తినడానికి కొనే పండుకన్నా ఒక రోజు ఎక్కువ మాగిన పండు కావాలి. చల్లదనం తీపినీ వాసననీ రెండింటినీ అణిచేస్తుంది. గదిలో ఉన్నప్పుడే ఘుమఘుమలాడని మామిడి ఫ్రీజర్‌లోంచి వచ్చాక మూగదైపోతుంది. మచ్చలు పడి తక్కువ ధరకి ఇచ్చే పండు దీనికి నిక్షేపంలా పనికొస్తుంది. మచ్చ కోసి పారేస్తే చాలు, కుళ్ళు వాసన మాత్రం ఉండకూడదు.

మామిడిలో పీచు లేని బంగినపల్లి గడ్డకట్టించడానికి. రసాలు గడ్డకట్టించడానికి కాదు, పిండడానికి. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. చిన్నరసం ముక్కలు కోస్తే పీచు మిక్సీ బ్లేడుకి చుట్టుకుంటుంది. అదే చేత్తో పిసికి, జల్లెడలో వడకట్టి, ఫ్రిజ్‌లో పెడితే అంతకన్నా మంచి ద్రవం లేదు. సువర్ణరేఖ మన ఉత్తరాంధ్ర పండు, సీజన్ మొదట్లోనే వస్తుంది. వాసన కోసం అది ఒక్కటి కలిపితే మొత్తం జార్ మారిపోతుంది.

అనాస వానలు మొదలయ్యాక సీతంపేట ఏజెన్సీ వైపు నుంచి దిగుతుంది. కన్నులు తీసి, మధ్యలో గట్టి దుంప తీసేయండి. పుచ్చకాయ అందరూ ముందు దాన్నే మొదలుపెడతారు, కానీ అది తేలిక కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను. సపోటా బాగా కుదురుతుంది. సీతాఫలం అక్టోబర్‌లో అరకు వైపు నుంచి వచ్చినప్పుడు గింజ ఒక్కటి కూడా లేకుండా చేత్తో గుజ్జు తీసి మాత్రమే వాడండి. గింజ మిక్సీలో పడకూడదు, అది ఒంటికి మంచిది కాదు. చలికాలంలో లంబసింగి స్ట్రాబెర్రీలు. తాటి ముంజల్ని మాత్రం నేను గడ్డకట్టించను. చిన్న ముక్కలు కోసి, తయారైన గ్లాసు మీద వేస్తాను. ఆ జిగట మెత్తదనం పంటికి తగలాల్సిందే.

గడ్డకట్టించే పద్ధతి. ముక్క బొటనవేలి గోరంత ఉండాలి, అంతకన్నా పెద్దది వద్దు. కోసిన ముక్కల్ని జల్లెడలో పది నిమిషాలు వదిలి నీరు ఓడ్చండి. స్టీలు పళ్ళెం మీద బటర్ పేపర్ పరిచి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా ఒకే వరుసలో పేర్చండి. పళ్ళెం స్టీలుదే ఎందుకంటే లోహం చల్లదనాన్ని వేగంగా లాగుతుంది. వేగంగా గడ్డకడితే పలుకులు చిన్నవి అవుతాయి. రెండు మూడు గంటలకి పైన గట్టిపడతాయి. అప్పుడు డబ్బాలోకి మార్చి మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. ఈ మెట్టు దాటేసి అన్నీ కలిపి కవర్లో కుక్కితే తెల్లారేసరికి దిమ్మ తయారవుతుంది. దిమ్మని మిక్సీలో వెయ్యలేరు, బయట పెడితే నీరు కారుతుంది.

ఇంకోటి, సముద్రం ఒడ్డున ఉన్న మనలాంటి వాళ్ళకి ముఖ్యమైనది. మా ఫ్రీజర్‌లో ఎప్పుడూ వంజరం ముక్కలో రొయ్యలో ఉంటాయి. మూత లేని పండు ఒక్క రాత్రిలో ఆ వాసన పట్టేస్తుంది. ఒకసారి మా ఆవిడ రెండు కిలోల మామిడి ముక్కలు అలాగే పారేయాల్సి వచ్చింది, ఆ రోజు నుంచి పండ్లకి గట్టి మూతల డబ్బాలు, పై అర. చేపలు కింద. మొదటి రెండు గంటలు పళ్ళెం తెరిచి పెడతాం కదా, ఆ రోజు చేపల్ని కవరు మీద కవరు చుట్టి పెడతాం.

కరెంటు పోతే ఫ్రీజర్ తెరవకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మా వీధికి రోజుల తరబడి కరెంటు రాలేదు. ఫ్రీజర్ నిండా ఉన్న పండంతా నీరైపోయింది. ఒకసారి పూర్తిగా కరిగిన పండుని మళ్ళీ గడ్డకట్టిస్తే పెద్ద పెద్ద పలుకులు కట్టి ఇసకలా అయిపోతుంది. ఎంతసేపు వెచ్చగా ఉందో తెలియనప్పుడు తినడమూ మంచిది కాదు. కొంచెం మెత్తబడి ఇంకా చల్లగానే ఉంటే అప్పటికప్పుడు తాగేయండి, లేదా పొయ్యి మీద పెట్టి జామ్ చేసుకోండి.

ఐసు తప్పనిసరి అయితే తాగే నీళ్ళతో మీరే ట్రేలో కట్టించుకోండి. హార్బర్ వైపు చవగ్గా దొరుకుతుంది కదా అని చేపల ఐసు తెచ్చి డ్రింకుల్లో వేసేవాళ్ళని చూశాను. అది చేప కోసం చేసిన ఐసు, నేల మీద ఈడ్చిన ఐసు. ఆ ఐసులో పెరిగినవాణ్ణి, అందుకే బతిమాలి చెబుతున్నాను. పానకం గ్లాసులో కూడా అది వెయ్యకండి.

ఇప్పుడు తీపి, పులుపు, ఉప్పు. చల్లటి దాంట్లో పంచదార కరగదు, అడుగున పలుకులుగా మిగులుతుంది. కాబట్టి సిరప్ చేసుకోవాలి. ఒక గ్లాసు పంచదార, అదే గ్లాసుతో నీళ్ళు, పంచదార కరిగేదాకా వేడి చేసి దించెయ్యండి. తీగ పాకం రాకూడదు. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం పది రోజులు ఉంటుంది. సిరప్ తీపి కోసమే కాదు. చక్కెర ఉన్నచోట నీరు గట్టి రాయిలా గడ్డకట్టదు, అందుకే డ్రింకు చెంచాకి లొంగేలా ఉంటుంది. పంచదార తగ్గించాలని సిరప్ పూర్తిగా మానేస్తే ముద్ద బిగుసుకుని గరుకుగా అవుతుంది. షుగరు ఉన్నవాళ్ళకి నేను చిన్న గ్లాసులో, సిరప్ లేకుండా, అప్పటికప్పుడు తిప్పి ఇస్తాను. పండులోనే ఉన్న చక్కెర ఉంది, కాబట్టి అది కూడా కొంచెమే.

రమ్‌తో చేసేదానికి నాకు ఇష్టమైనది బెల్లం సిరప్. అనకాపల్లి బెల్లం, అందులోనూ ముదురు రంగుది. సమానంగా నీళ్ళు పోసి కరిగించి, ఒక్క పొంగు రానిచ్చి, పలచటి గుడ్డలో వడకట్టండి, ఇసక ఉంటుంది. రమ్ పుట్టేది చెరుకు మడ్డి నుంచే, బెల్లం పుట్టేదీ చెరుకు నుంచే. రెండూ కలిస్తే ఆ వాసన ఒకే ఇంటిదిలా కలిసిపోతుంది.

రుచి చూసే వేళ ఒకటి ఉంది. రసం, సిరప్, నిమ్మ ఈ మూడూ మిక్సీలో పడకముందు గిన్నెలో కలిపి, చల్లబెట్టకుండా నాలుక మీద వేసుకోండి. "కొంచెం తీపెక్కువైంది, కొంచెం పులుపెక్కువైంది" అనిపించాలి. అప్పుడే గడ్డకట్టిన ముక్కలతో కలిశాక సరిపోతుంది. గది వేడిమిలో సరిగ్గా ఉందంటే చల్లబడ్డాక చప్పగా ఉంటుందని లెక్క. నిమ్మరసం అప్పటికప్పుడు పిండాలి, నిన్నటిది చేదు. ప్రతి జార్‌కీ చిటికెడు ఉప్పు. ఉప్పగా ఉండటానికి కాదు, పండు వాసన పైకి లేవడానికి. జామ, పుచ్చ, అనాస అయితే ఉప్పులో కాస్త కారం, కాస్త అరకు మిరియాల పొడి కలిపి గ్లాసు అంచుకి అద్దుతాను. అంచుని ముందు నిమ్మచెక్కతో తడపాలి.

మిక్సీ సంగతి. హోటల్లో ఐసు పిండి చేసే పెద్ద బ్లెండర్లు ఉండేవి. ఆ అలవాటుతో ఇంటికొచ్చి, మా అమ్మ ఇడ్లీ పిండి రుబ్బుకునే మిక్సీలో నేరుగా ఐసు ముక్కలు వేశాను. జార్ కింద ఉండే కప్లర్ పళ్ళు అరిగిపోయి విరిగింది. అమ్మకి వారం రోజులు పచ్చళ్ళు రోట్లోనే. అందుకని ఇంటి మిక్సీ పద్ధతి వేరేగా నేర్చుకున్నాను.

750 వాట్ల మిక్సీ, పెద్ద జార్ చాలు. జార్‌ని పదిహేను నిమిషాలు ముందే ఫ్రిజ్‌లో పెట్టండి, ఎందుకంటే వెచ్చటి జారే మొదటి శత్రువు. ఫ్రీజర్‌లోంచి తీసిన ముక్కల్ని ఐదు నిమిషాలు బయట ఉంచండి, పైన తెల్లటి నూగు తగ్గి, వేలితో నొక్కితే కాస్త లొంగాలి. ముందు ద్రవం పొయ్యండి, తర్వాత ముక్కలు. జార్ సగానికి మించకూడదు. నాబ్‌ని ఎడమవైపు తిప్పి మూడు నాలుగు సెకన్లు ఆడించి వదలండి. ఐదారుసార్లు. మధ్యలో స్విచ్ ఆపి, మూత తీసి, చెక్క గరిటెతో పక్కలు కిందికి తొయ్యండి. గుండ్రంగా తిరగడం మొదలయ్యాక ఇరవై సెకన్లు గట్టిగా. అంతే. నున్నగా కావాలని నిమిషం పైగా ఆడిస్తే మోటారు వేడికీ రాపిడికీ కరిగి జ్యూస్ అయిపోతుంది. ముక్కలు తిరగకుండా మొండికేస్తే నీళ్ళు పొయ్యొద్దు, చల్లటి రసం రెండు చెంచాలు పొయ్యండి. మిక్సీ చటుక్కున ఆగిపోతే కంగారు పడకండి. చాలా మిక్సీలకి కింద ఎర్ర బటన్ ఉంటుంది, ఐదు నిమిషాలు ఆగి అది నొక్కితే మళ్ళీ పనిచేస్తుంది.

సోడా మిక్సీలో పొయ్యకూడదు. గోళీ సోడా అయినా, సీసా సోడా అయినా. మూత ఎగిరిపడుతుంది. కావాలంటే గ్లాసులో పైన పోసుకోండి.

మా ఇంట్లో మేలో రెండు మూడుసార్లు చేసేది మామిడి. విజయనగరం నుంచి మా అప్ప, బావ, పిల్లలు వచ్చినప్పుడు. నాలుగు గ్లాసులకి: గడ్డకట్టిన బంగినపల్లి ముక్కలు అరకిలో, అంటే రెండు మంచి సైజు పండ్ల గుజ్జు. వడకట్టి చల్లబెట్టిన చిన్నరసాల రసం 200 మి.లీ. రెండు నిమ్మకాయల రసం. సిరప్ 40 మి.లీ., పండు బాగా తీపిగా ఉంటే సగమే. చిటికెడు ఉప్పు. ఇష్టమైతే గోరంత అల్లం తురిమి దాని రసం. ఇందులో నీళ్ళు లేవు, ఐసు లేదు, పాలు లేవు.

పైన చెప్పినట్టే తిప్పండి. ముద్ద గరిటెకి అంటుకుని, వంచితే నెమ్మదిగా జారాలి. ముందుగా ఫ్రీజర్‌లో ఇరవై నిమిషాలు ఉంచిన గ్లాసుల్లో అమ్మకీ పిల్లలకీ పోసేస్తాను. వాళ్ళ గ్లాసుల్లో చెంచా వేసి ఇస్తాను, కొంచెం చిక్కగా ఉంటుంది. "మావయ్యా, ఇంకొంచెం పల్చగా" అంటే కొబ్బరిబోండం చల్లటి నీళ్ళు కాస్త కలుపుతాను. అమ్మ దీనిమీద నానబెట్టిన సబ్జా గింజలు వేసుకుంటుంది. మందు సీసా మూత అప్పటిదాకా తియ్యను. ఒకే జార్‌తో ఇంటిల్లిపాదికీ చేసేవాళ్ళు ఈ వరుస తప్పకండి. ముందు అందరికీ మందు లేనిది, జార్‌లో మిగిలినదే పెద్దవాళ్ళది.

బావకీ నాకూ మిగిలిన దాంట్లో గ్లాసుకి 45 మి.లీ. చొప్పున తెల్ల రమ్ పోసి, గరిటెతో పదిసార్లు కలుపుతాను. టెకీలా ఉంటే అది కూడా మామిడికి బాగా నప్పుతుంది, అప్పుడు అంచుకి ఉప్పూ కారం.

అనాస, కొబ్బరి కలిపి చేసేదాని అసలు పేరు పీన్యా కోలాడా. కరీబియన్‌లోని పోర్టో రీకో దీవి దాన్ని 1978లో తమ జాతీయ పానీయంగా ప్రకటించుకుంది. అక్కడ బార్లలో డబ్బాలో వచ్చే తీపి కొబ్బరి క్రీమ్ వాడతారు. మనకి ఆ అవసరం లేదు, గుమ్మంలో కొబ్బరికాయ ఉంది. ఒక ముదురు కొబ్బరికాయ తురిమి, అర గ్లాసు గోరువెచ్చటి నీళ్ళతో మిక్సీ పట్టి, గుడ్డలో గట్టిగా పిండితే వచ్చే మొదటి పాలే కావాలి. రెండో పాలు కూరలోకి. మొదటి పాలు సుమారు 150 మి.లీ. వస్తాయి. అందులో సగం ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించండి. ఇది ఈ డ్రింకులో అన్నిటికన్నా మంచి కిటుకు. కొబ్బరిపాల ముక్క కరిగినకొద్దీ డ్రింకు నీరవడానికి బదులు ఇంకా కమ్మగా అవుతుంది.

మూడు గ్లాసులకి గడ్డకట్టిన అనాస 400 గ్రాములు, మిగిలిన చల్లటి కొబ్బరిపాలు, ఆ పాల ముక్కలు, బెల్లం సిరప్ 50 మి.లీ., ఒక నిమ్మకాయ, ఉప్పు. కొబ్బరిపాల ముక్కల్ని గుడ్డలో చుట్టి అప్పడాల కర్రతో ఒకసారి చితక్కొట్టి వెయ్యండి. దీనికి నల్ల రమ్. ఆవుపాలో ఐస్‌క్రీమో వెయ్యాలని ఎవరైనా చెబితే వద్దనండి. పచ్చి అనాసలో పాల మాంసకృత్తుల్ని విరిచే గుణం ఉంది, కాసేపట్లో చేదెక్కుతుంది. బెల్లంతో కూడా పాలు విరిగే భయం ఉంటుంది. కొబ్బరిపాలకి ఈ రెండు ఇబ్బందులూ ఉండవు.

పుచ్చకాయ. అందులో పదింట తొమ్మిది వంతులు నీళ్ళే కాబట్టి గడ్డకడితే దాదాపు ఐసే. మిగతా పండ్లలా గుజ్జు బలం లేదు, చప్పున కరుగుతుంది. నల్ల గింజలన్నీ తియ్యాలి, నలిగితే చేదు. ఆరు వందల గ్రాముల ముక్కలకి మూడు నిమ్మకాయలు, 60 మి.లీ. సిరప్, పది పుదీనా ఆకులు, వంద మి.లీ. చల్లటి పుచ్చరసం, ఉప్పు కాస్త ఎక్కువే. రెండు గ్లాసులకి మించి ఒకసారి తిప్పొద్దు, తిప్పిన వెంటనే తాగెయ్యాలి. మందు అయితే వోడ్కా గానీ జిన్ గానీ.

మందు గురించి నెమ్మదిగా చెప్పాలి. మన దగ్గర రమ్, వోడ్కా లాంటివాటిలో ఎక్కువ భాగం 42.8 శాతం ఆల్కహాల్‌తో వస్తాయి. ఇది ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టదు. కాబట్టి సీసా ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టేయండి. వెచ్చటి రమ్ 45 మి.లీ. పోస్తే తిప్పిన కష్టమంతా కరిగిపోతుంది. చల్లటిదైతే ముద్ద నిలుస్తుంది. 240 మి.లీ. గ్లాసులో 45 మి.లీ. పోస్తే మొత్తం ఎనిమిది శాతం దాకా వస్తుంది. అంతకు మించితే ముద్ద నిలబడదు, నీళ్ళలా జారిపోతుంది. అంటే ఎక్కువ పోస్తే డ్రింకే పాడవుతుంది. కొలత గ్లాసు లేకుండా నేను ఎప్పుడూ పొయ్యను, సీసా వంచి "ఇంత చాలు" అనడం లేదు. దగ్గుమందు మూతకి గీతలుంటాయి, అదైనా వాడండి.

కొలత గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం, చల్లదనం, తీపి రెండూ కలిసి మందు ఘాటుని పూర్తిగా దాచేస్తాయి. గొంతు మండదు కాబట్టి మనిషికి లెక్క తెలియదు. మూడో గ్లాసు అయ్యాక లేస్తే అప్పుడు తెలుస్తుంది. బార్‌లో ఇది కళ్ళారా ఎన్నిసార్లు చూశానో. మా ఇంట్లో రెండు గ్లాసులు, మధ్యలో పెద్ద గ్లాసు మంచినీళ్ళు, ముందే కడుపులో ఏదైనా తిండి. బీపీకో నిద్రకో మాత్రలు వేసుకునేవాళ్ళకి, కడుపుతో ఉన్నవాళ్ళకి మందు లేనిదే. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మందు ఇవ్వకూడదని చట్టమే ఉంది. తాటికల్లు కలుపుదామని అడిగేవాళ్ళుంటారు. అది గంట గంటకీ పులుస్తూ బలం మారుతూ ఉంటుంది, కొలత కుదరదు, నేను వాడను.

ఇంకో మాట. ఈ డ్రింకుని సీసాల్లో నింపుకుని బీచ్‌కి వెళ్ళకండి. యారాడ అయినా, రుషికొండ అయినా, భీమిలి అయినా మన తీరంలో అల కింద లాగుడు ఉంటుంది, ఒడ్డు చటుక్కున లోతవుతుంది. తాగి దిగిన కుర్రాళ్ళ కోసం మా పేట వాళ్ళు తెప్పలు వేసుకుని వెళ్ళిన రోజులు నాకు గుర్తున్నాయి. చల్లగా తాగాలంటే డాబా ఉంది, సముద్రం గాలి అక్కడికీ వస్తుంది.

మిక్సీ లేకపోయినా, కరెంటు ఊగిసలాడుతున్నా పని ఆగదు. రసం, సిరప్, నిమ్మ, ఉప్పు కలిపి వెడల్పు స్టీలు పళ్ళెంలో అంగుళం లోపు మందంగా పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. అరగంటకోసారి తీసి ఫోర్కుతో అంచుల నుంచి మధ్యకి గీకండి. నాలుగైదుసార్లు గీకేసరికి పలుకులు పలుకులుగా రాలిపోయే మంచు తయారవుతుంది. నున్నగా ఉండదు, కరకరలాడుతుంది. నేరేడు పండుకి నాకు ఇదే ఇష్టం. జూన్‌లో నేరేడు రాగానే గింజ తీసిన గుజ్జుకి సమానంగా నీళ్ళు పోసి, ఉప్పు కాస్త ఎక్కువ వేసి, ఇలా గీకి ఇస్తాను. నాన్న రమ్ మానేసి చాలా ఏళ్ళైంది, ఆయన గ్లాసు ఇదే.

మిగిలిపోయిన ముద్దని ఫ్రీజర్‌లో పెడితే మరుసటి రోజుకి గట్టిపడుతుంది. పది నిమిషాలు బయట ఉంచి ఫోర్కుతో కలపండి, లేదా మళ్ళీ ఒక తిప్పు తిప్పండి. మందు లేనిది పుల్ల ఐసు అచ్చుల్లో పోస్తే పిల్లలకి మధ్యాహ్నం పనికొస్తుంది. మందు కలిసినది అలా ఎప్పుడూ పెట్టకండి. రంగూ వాసనా ఒకటే, పిల్లలకి తేడా తెలియదు. మా ఇంట్లో మందు కలిసినది ఆ రాత్రే అయిపోవాలి, లేదంటే సింకులో పొయ్యాలి. జార్ కడిగి, బోర్లించి, కప్లర్ దగ్గర తడి తుడిచాకే నేను డాబా దిగుతాను. పొద్దున్నే అమ్మకి పచ్చడికి ఆ మిక్సీయే కావాలి.